సఫారీకి దారిబత్తెం

సఫారీ అనగానే మా వయసువారికి ముందుగా అడవి గుర్తుకు రాదు, సూటు గుర్తుకు వస్తుంది. నలభై ఏళ్ళ క్రితం ఆఫీసర్లు, కొత్త పెళ్ళికొడుకులు మోజుపడి కుట్టించుకున్న పొట్టిచేతుల సఫారీ సూటు అది. నేటి పిల్లలకైతే ఆ మాట వింటే సింహాలు, ఏనుగులు, పైకప్పు తెరిచిన జీపులు కళ్ళముందు మెదులుతాయి. నిజానికి ఈ మాట మనకు ఈ రెంటికన్నా దగ్గరిది. తూర్పు ఆఫ్రికా తీరవాసుల స్వాహిలీ భాషలో సఫారీ అంటే ప్రయాణం, అంతే. అరబ్బీలోని 'సఫర్' నుంచే వారికి ఆ పదం సంక్రమించింది. మనం ముసాఫిర్ అనేదీ ఆ ధాతువు నుంచి పుట్టినదే. వారు పుస్తకాన్ని కితాబు అంటారు, లోకాన్ని దునియా అంటారు, స్నేహితుణ్ణి రఫీకీ అంటారు. హిజ్రీ ఎనిమిదవ శతాబ్దంలో, అంటే క్రీస్తుశకం 1331లో, ఇబ్నె బతూతా ఆ తీరాన మొంబాసాలో, కిల్వాలో దిగినప్పటికే అక్కడ మస్జిదులు కళకళలాడుతున్నాయి.

కనుక సఫారీకి సామాను సర్దుకోవటమంటే సఫర్‌కు సామాను సర్దుకోవటమే. దానికి మన ధర్మంలో పద్ధతులు ఉన్నాయి.

ఈ నెల ఈ విషయం ఎత్తుకోవటానికి కారణం చెబుతాను. మా తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల చెరువులు చేసే ఒక సోదరుని కుమారుడు కెన్యా రాజధాని నైరోబీలో ఉద్యోగం చేస్తున్నాడు. జనవరి నెలాఖరులో తల్లిదండ్రులను రప్పించుకుని 12 రోజులు తన దగ్గర ఉంచుకోవాలని, అందులో 3 రోజులు మసాయి మారా అభయారణ్యం చూపించాలని అతని కోరిక. ఆ దంపతులు సామాను జాబితా రాసుకుని నా దగ్గరకు వచ్చారు. రెండు కిలోల కారప్పొడి, గోంగూర పచ్చడి, ఎండు రొయ్యలు, కోడికూర మసాలాకని గసగసాలు, ఇరుగుపొరుగు ఇచ్చిన మూడు పొట్లాలు అందులో ఉన్నాయి. జానమాజ్ చివరి పంక్తిలో ఉంది. మందుల ఊసే లేదు. ఆ సోదరునికి 62 ఏళ్ళు, రక్తపోటు ఉంది. ఆయన భార్యకు చక్కెర వ్యాధి. మందుల సంగతేమిటని అడిగితే, "అల్లాహ్ ఉన్నాడు కదా హజ్రత్" అన్నారాయన.

అల్లాహ్ ఉన్నాడు. అందులో సందేహం లేదు. అయితే పూర్వం యెమెన్ వాసులు కొందరు ఈ మాటే చెప్పి దారిబత్తెం లేకుండా హజ్జ్‌కు బయలుదేరేవారు. తాము దైవంమీద భారం వేశామనేవారు. తీరా మక్కా చేరాక వచ్చేపోయేవారి ముందు చేయి చాచేవారు. ఆ సందర్భంలోనే బఖరా సూరాలోని 197వ ఆయతు అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం ద్వారా మనకు తెలుస్తోంది. బత్తెం వెంట తీసుకువెళ్ళమని ఆ ఆయతులో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. బత్తాలన్నింటిలో ఉత్తమమైనది తఖ్వా అని ఆ వెంటనే తెలిపాడు. మన ప్రసంగాలలో ఈ రెండవ భాగమే వినిపిస్తుంది. మొదటి భాగం కూడా ఆజ్ఞే. పరాయి దేశంలో జ్వరంతో పడిపోయి, కొడుకును అప్పుల పాలు చేసి, కోడలిని రాత్రింబవళ్ళు ఆసుపత్రిలో నిలబెట్టటం కూడా ఒక విధంగా ఇతరుల ముందు చేయి చాచటమే.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరగానే ముందు ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసి వెనుదిరిగారు. దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక దైవనిర్ణయం నుంచి మరొక దైవనిర్ణయంలోకే వెళుతున్నామని వారు బదులిచ్చారు. ఒకవైపు పచ్చిక, మరొకవైపు బీడు ఉన్న లోయలో ఒంటెలను పచ్చికవైపు మేపినా అది దైవనిర్ణయమేనని ఉదాహరణ కూడా చెప్పారు. అల్లాహ్‌పై నమ్మకంలో ఉమర్ (రజి)ని మించినవారు మనలో ఎవరు?

ఇక అసలు సంగతులకు వద్దాం. కెన్యా ప్రయాణంలో పెట్టె తెరవకముందే ముగించవలసిన పని ఒకటి ఉంది. అది పచ్చజ్వరం టీకా. కెన్యా ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కడి నుంచి తిరిగివచ్చేవారి వద్ద టీకా పత్రం లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల వరకు విడిగా ఉంచే అధికారం మన ప్రభుత్వానికి ఉంది. ఈ టీకా అన్ని ఆసుపత్రులలో వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే వేస్తారు. మన నెల్లూరు వారికి చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర. హైదరాబాదులో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లోనూ వేస్తారు. వేయించుకున్న 10 రోజుల తరువాతే ఆ పత్రం చెల్లుతుంది. 2016 జూలై నుంచి ఒక్క టీకా జీవితాంతం చెల్లుబాటు అవుతోంది. ఇది బతికి ఉన్న సూక్ష్మజీవితో చేసిన టీకా కనుక 60 దాటినవారు మొదటిసారి వేయించుకునే ముందు తమ జబ్బులన్నీ డాక్టరుకు చెప్పి, తమకు తగునో తగదో తేల్చుకోవాలి. తగదని తేలేటట్లయితే అది టికెట్టు కొనకముందే తేలాలి.

మలేరియా సంగతి వేరు. దానికి టీకా పత్రం అడిగేవారు లేరు. కనుకనే అందరూ నిర్లక్ష్యం చేస్తారు. "మాకు దోమలు కొత్తా?" అని మా కోస్తా వారి ధీమా. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం. చికిత్స ఆలస్యమైతే మెదడుకు పాకి ప్రాణం తీస్తుంది. నైరోబీ ఎత్తైన ప్రదేశం కావటంతో అక్కడ భయం తక్కువ, మారాలో ఉంది. ముందుజాగ్రత్త మాత్రలు వెళ్ళకముందే మొదలుపెట్టి, వచ్చాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడాలి. తిరిగివచ్చిన తరువాత కొన్ని నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా, ఆఫ్రికా వెళ్ళివచ్చానన్న మాట డాక్టరుకు ముందుగా చెప్పాలి. రోజువారీ మందులు ప్రయాణ దినాలకన్నా వారం ఎక్కువకు, చీటీతో సహా, చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో వేస్తే ఆ పెట్టె మరో విమానం ఎక్కిపోవచ్చు. ఇన్సులిన్ అయితే కింది అరలోని చలికి గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు.

దుస్తుల విషయంలో మన వారి ఊహ ఒకటి, అక్కడి వాస్తవం మరొకటి. ఆఫ్రికా అంటే నిప్పులకుంపటి అని, పైగా జనవరి, ఫిబ్రవరి అక్కడ ఎండకాలమని విని పలుచని నూలు బట్టలు మాత్రమే సర్దుకుంటారు. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండను చూసినవారికి అక్కడి ఎండ ఎండే కాదు. నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తున, అంటే మన హార్స్‌లీ కొండలకన్నా ఎంతో పైన ఉంది. మారా కూడా 1,500 మీటర్లకు తగ్గదు. పగలు 30 డిగ్రీలకు అటూ ఇటూ ఉన్నా, తెల్లవారుజామున 15 డిగ్రీల దాకా పడిపోతుంది. జంతువులను చూడటానికి బండి బయలుదేరేది సరిగ్గా ఆ వేళకే, అదీ పైకప్పు తెరుచుకుని. స్వెట్టరు, చెవులు కప్పే టోపీ లేకపోతే సింహం కనబడ్డా దానివంక చూసే ఓపిక ఉండదు. చొక్కామీద చొక్కా వేసుకుని, పొద్దెక్కేకొద్దీ ఒక్కొక్కటి తీసేయటం అక్కడి పద్ధతి.

రంగు దగ్గరకు వచ్చేసరికి ఆ దంపతుల మధ్య మాట పెరిగింది. నలుపు, ముదురు నీలం వద్దని కొడుకు ఫోనులో చెప్పాడట. ఆయన ససేమిరా అన్నారు. "ఇన్నేళ్ళుగా నల్ల బుర్ఖా లేకుండా గడప దాటలేదు, ఇప్పుడు అడవిలో తీసేయాలా?" అని ఆయన కోపం. ఆమె మాత్రం తల వంచుకుని, "నల్లదే ఉండాలని రాసి ఉందా హజ్రత్?" అని మెల్లగా అడిగింది.

కొడుకు చెప్పినది నిజం. ఆ అడవులలో కొన్నిచోట్ల సెట్సీ అనే ఈగ ఉంటుంది. బట్టమీద నుంచి కూడా గుచ్చినట్లు కుడుతుంది. దానిలో కొన్ని జాతులు నిద్రావ్యాధిని మోస్తాయి. యాత్రికులకు ఆ వ్యాధి సోకటం అరుదే గాని, కాటు బాధ అరుదు కాదు. ముదురు నీలం, నలుపు రంగులు ఆ ఈగను ఆకర్షిస్తాయి. ఎంతగా అంటే, దానిని పట్టే ఉచ్చులను ఆఫ్రికాలో ఆ రెండు రంగుల గుడ్డతోనే చేస్తారు. అటువంటి చోట ఒక స్త్రీకి నిలువెల్లా నల్లగుడ్డ చుట్టి కూర్చోబెట్టటం ఆమెను ఎరగా పెట్టటమే.

ఆమె ప్రశ్నకు జవాబు కూడా సూటిగానే చెబుతాను. రాసి లేదు. పరదాకు షరీఅత్ పెట్టిన షరతులు శరీరం కప్పబడటం, వస్త్రం వదులుగా ఉండటం, లోపలి ఒళ్ళు కనబడనంత మందంగా ఉండటం, ప్రదర్శన కోసం కాకపోవటం. నలుపు ఆ షరతులలో లేదు. అన్సారీ స్త్రీలు నల్లని వస్త్రాలు కప్పుకున్నారన్న ఉల్లేఖనం ఉన్న మాట వాస్తవమే. దైవప్రవక్త (స) ఇంటికి ఆకుపచ్చని ఓఢ్నీ వేసుకుని ఒక స్త్రీ వచ్చిందని సహీహ్ బుఖారీలో ఉన్న మాటా వాస్తవమే. నల్ల బుర్ఖా మన ప్రాంతంలో ఆచారంగా స్థిరపడింది. అది మంచి ఆచారమే. ఆచారాన్ని ఫర్జ్ స్థానంలో కూర్చోబెట్టటం మాత్రం మంచిది కాదు. మన దర్జీ దగ్గరే మట్టిరంగు గాని, బూడిదరంగు గాని మందపాటి నూలు గుడ్డతో వదులైన అబాయాలు రెండు కుట్టించుకోవచ్చు. లోపల షల్వారు ఉంటే ఎత్తైన బండి ఎక్కి దిగటానికి ఇబ్బంది ఉండదు. ముంజేతి దగ్గర బిగుతుగా ఉంటే దోమ దూరదు. తలగుడ్డకు పిన్నులు ఎక్కువగా పెట్టుకోవాలి, పైకప్పు లేని బండిలో గాలి ఊరుకోదు. ముఖం కప్పుకునే అలవాటు ఉన్నవారికి దుమ్ము నుంచి రక్షణ కూడా దొరుకుతుంది. పాస్‌పోర్టు తనిఖీలో ముఖం చూపక తప్పదు, మహిళా అధికారిని పిలవమని మర్యాదగా కోరవచ్చు.

ఒక మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేను. స్త్రీ వేసుకునే గుడ్డ రంగు గురించి ఇంత వాదన జరిగింది గాని, పురుషుడు ఏమి వేసుకుంటాడని ఆ గంటలో ఒక్కరూ అడగలేదు. సఫారీ పేరిట దుకాణాలలో మోకాలిపైకి ఉండే నిక్కర్లు అమ్ముతారు. పురుషునికి నాభి నుంచి మోకాలి వరకు సతర్. ఆ నిక్కరు అటు షరీఅత్‌కూ పనికిరాదు, ఇటు దోమలకు విందు. మన తెల్ల కుర్తా పైజామా సతర్ విషయంలో నిర్దోషి అయినా, అడవి దుమ్ముకు పూటలోనే మట్టికొట్టుకుపోతుంది. తెల్లనిది ఒక జత నైరోబీ జామియా మస్జిదులో జుమా కోసం దాచుకుని, మిగిలినవి గోధుమరంగువి తీసుకోవాలి. మన సంతలలో చవకగా దొరికే మిలిటరీ మచ్చల ప్యాంట్లు మాత్రం ఎవరికీ వద్దు. ఆఫ్రికాలోని పలు దేశాల్లో సైనికుల దుస్తులను పోలినవి పౌరులు వేసుకోవటం నేరం.

నమాజు సామానుకు పెద్ద బరువు లేదు. పలుచని జానమాజ్, మూతి సన్నగా ఉన్న నీళ్ళ సీసా, ఒక దిక్సూచి, తోలు మేజోళ్ళు. మనకు ఖిబ్లా పడమర. పుట్టినప్పటి నుంచి పొద్దుగుంకే వైపుకు తిరిగిన మన ఒంటికి అది అలవాటైపోయింది. కెన్యాలో ఖిబ్లా ఇంచుమించు నేరుగా ఉత్తరం. పరధ్యానంలో నిలబడితే తప్పిపోతాం. తోలు మేజోళ్ళమీద ముసాఫిర్‌కు మూడు పగళ్ళు, మూడు రాత్రుల వరకు మసహ్ చేసే వెసులుబాటు ఉంది. చలివేళ కాళ్ళకు వెచ్చదనం, బండిలో నీటి పొదుపు. మారాలో గడిపే 3 రోజులకు కొలిచినట్లు సరిపోతుంది.

హనఫీ మస్లక్ ప్రకారం 48 మైళ్ళు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు దాటే సంకల్పంతో ఊరు విడిచి, ఒకచోట 15 రోజులకు తక్కువ ఉండేవారు ముసాఫిర్లు. 12 రోజుల ఈ ప్రయాణంలో వారు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తారు. స్థానిక ఇమాము వెనుక నిలబడితే మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. కెన్యా ముస్లింలలో అధికులు షాఫియీలు కనుక అసర్ అజాన్ మనకన్నా ముందుగా వినిపిస్తుంది, ఫజ్ర్‌లో ఖునూత్ చదువుతారు. కంగారుపడవలసిన పని లేదు. జనవరి నెలాఖరున అక్కడ సూర్యోదయం ఆరూ నలభై ప్రాంతంలో అవుతుంది. బండ్లు అంతకుముందే కదులుతాయి. కనుక ఫజ్ర్ డేరాలోనే ముగించుకోవాలి. చీకట్లో ఒంటరిగా డేరా విడిచి నడవనివ్వరు. కాపలాదారు వచ్చి తీసుకువెళతాడు. అతనిని వారు అస్కరీ అంటారు, అదీ మన అరబ్బీ మాటే.

జుహర్, అసర్ విషయమే కొంచెం చిక్కు. అభయారణ్యంలో అనుమతించిన స్థలాలలో తప్ప బండి దిగకూడదు. అది ప్రాణరక్షణ కోసం పెట్టిన నియమం, పాటించి తీరాలి. మధ్యాహ్న భోజనానికి ఆపే చోట జుహర్ చదవాలని, అసర్‌కు ఫలానా వేళకు దిగగలిగే చోటికి చేర్చాలని ఉదయమే డ్రైవరుతో మాట్లాడుకోవాలి. మా మదరసాలో ఫిఖ్హ్ పాఠం చెప్పేటప్పుడు తయమ్ముమ్ అధ్యాయంలో ఒక మాట వస్తుంది. నీళ్ళ దగ్గర క్రూరమృగం భయం ఉంటే తయమ్ముమ్ చేయవచ్చని. కిందికి దిగితే మృగం మీదపడుతుందన్న భయం ఉంటే వాహనంమీదనే సైగలతో నమాజు చేయవచ్చని కూడా ఉంది. అక్కడికి రాగానే పిల్లలు ముసిముసిగా నవ్వుతారు. "ఉస్తాద్, కోడూరు బీచిలో సింహమెక్కడిది?" అంటారు. మన ఇమాములు రాసిపెట్టిన ఆ మసాయిల్ ఎవరికి అవసరమవుతాయో ఇప్పుడు ఆ పిల్లలకు చెప్పగలను. అయితే ఆ సౌలభ్యం భయం నిజంగా ఉన్నప్పటిది. మరొక చిరుతను చూడాలన్న ఆశతో వేళ మించబెట్టుకున్నవారు దానిని వాడుకోరాదు.

తినుబండారాల మూట సగానికి తగ్గించమన్నాను. కెన్యాలో చపాతీ, సమోసా, పిలావు, బిర్యానీ అక్కడి వంటలుగానే దొరుకుతాయి. నైరోబీలో హలాల్ భోజనానికి కొరత లేదు. అడవి విడిదిలో హలాల్ ఏదో ముందుగా అడగాలి, తేలకపోతే శాకాహారం. గసగసాలు మాత్రం చిటికెడు కూడా వద్దు. మనకు అవి కూర చిక్కబడటానికి వేసే గింజలు. దుబాయి, దోహాల మీదుగా వెళ్ళేవారికి అవి మాదకద్రవ్యం. ఆ దేశాలలో గసగసాలతో పట్టుబడి జైలు పాలైన భారతీయులున్నారు. మసాలాపొడి ఇంట్లో కొట్టుకున్నదైతే అందులో అవి కలిసి ఉన్నాయేమో అమ్మగారిని అడిగి మరీ చూసుకోవాలి.

సంచుల సంగతీ అంతే. మనం జోళ్ళు ఒక క్యారీబ్యాగులో, తడిబట్టలు మరొక దానిలో చుడతాం. కెన్యా 2017 ఆగస్టు 28 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులను నిషేధించింది. ఉల్లంఘిస్తే లక్షలలో జరిమానా, జైలు. 2020 జూన్ నుంచి అభయారణ్యాలలోకి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు కూడా రానివ్వరు. కనుక నమాజు కోసం అనుకున్న ఆ సీసా స్టీలుది కావాలి, పచ్చళ్ళు గుడ్డసంచిలోకి మారాలి. నైరోబీ నుంచి మారాకు రోడ్డుమీద ఐదారు గంటలు. చిన్న విమానంలో వెళితే మనిషికి 15 కిలోలే, అదీ మెత్తని సంచిలో. గట్టి సూట్‌కేసు అందులో పట్టదు.

చివరికి మిగిలినవి ఆ మూడు పొట్లాలు. నైరోబీలోని తమ బంధువులకని ఇరుగుపొరుగు ఇచ్చినవి, టేపు చుట్టి ఉన్నాయి. మొహమాటం కొద్దీ తీసుకున్నామన్నారు. అమానతు తీసుకున్నవాడు దానికి జవాబుదారీ. లోపల ఏముందో తెలియనిదానికి జవాబుదారీ వహించటం అమానతు కాదు, అజ్ఞానం. పెట్టె తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే సామాను వారిదేనని విమానాశ్రయంలో లెక్క. విప్పి చూపించి, తామే మళ్ళీ సర్దుకోవటానికి ఒప్పుకుంటే తీసుకోండి, లేకపోతే తిరిగి ఇచ్చేయండి అన్నాను. రెండు పొట్లాలవారు విప్పి చూపారు. మూడోవారు అలిగి తీసుకుపోయారట.

వచ్చేటప్పుడు దంతం, కొమ్ము, ఈక, చర్మం వంటివి ఎంత ముచ్చటగా ఉన్నా కొనవద్దని, అవి అక్కడా ఇక్కడా నేరమేనని కూడా చెప్పి పంపాను. కెన్యా టీపొడి మేలైనది, దానికి అభ్యంతరం లేదు. అలిగినవారి ఇంటికి ఒక పొట్లం ఎక్కువే తెమ్మన్నాను.